తడి వేలి పరీక్ష

మీద రాసిన నంబరు చెరిగిపోయిన ట్రాన్సిస్టర్ ఎవరు తెచ్చినా రేడియో మేస్త్రి తొణికేవాడు కాదు. మీటర్ కొసలు దాని మూడు కాళ్లకీ మార్చి మార్చి తాకించి, మిగతా రెండు కాళ్లతోనూ ముల్లు కదిలించే కాలు ఏదో పట్టేసేవాడు. అది బేసు. ఇక కలెక్టరు అనే కాలు ఏదో తేల్చడానికి బొటనవేలు నాలుకకి తాకించి, ఆ తడివేలిని బేసుకీ, అనుమానమున్న కాలికీ అడ్డంగా ఆనించేవాడు. ముల్లు గట్టిగా ఎగిరిందా, అదే కలెక్టరు. చూసేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. ఏం రోజులవి! రేడియో మూగబోతే పసిపిల్లకి జ్వరమొచ్చినట్టు చంకనెత్తుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు జనం.

ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి. షాపులో రిపేరు బల్ల కూతురిది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అడక్కపోయినా సలహాలిస్తుంటాడు.

ఆ ఉదయం కూతురు ఒక ఇన్వర్టర్‌లో కాలిపోయిన మాస్‌ఫెట్లు, అంటే ఈ కాలపు ట్రాన్సిస్టర్లు, ఊడదీసి, అటక మీంచి పాత రేకుడబ్బా దించింది.

"నాన్నా, ఇవే నంబరువి ఇందులో బోలెడున్నాయి."

"ముట్టుకోకు. మీ బాబాయి తెచ్చిన చచ్చు సరుకది."

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. మాస్‌ఫెట్లు అప్పుడే షాపులోకి కొత్త. తమ్ముడు నలభై కొనుక్కొచ్చి, మురిసిపోతూ బల్ల మీద పోశాడు. అన్న అలవాటు కొద్దీ వేళ్లు తడి చేసుకుని, ఒక్కొక్కదాన్నీ అటూ ఇటూ అంచు కాళ్ల దగ్గర పట్టుకుని మీటర్ పెట్టాడు. ఒక్కదానికీ ముల్లు లేవలేదు. షాపు నిండా జనం. "నకిలీ సరుకు అంటగట్టారు నీకు. లేదంటే నువ్వే తెలిసి తెచ్చావు" అన్నాడు. తమ్ముడు కిక్కురుమనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత రెండు వీధుల అవతల సొంత షాపు పెట్టుకున్నాడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగున్నావా", "బాగున్నా". అంతకు మించి మాటల్లేవు.

కూతురు వింటే కదా! మాస్‌ఫెట్‌ని చెక్క మీద పడుకోబెట్టి, చెయ్యి తగలకుండా మీటర్ కొసని గేటు అనే అంచు కాలికి ఒకసారి తాకించింది. తర్వాత మిగతా రెండు కాళ్లకీ పెట్టింది. ముల్లు లేచి అలాగే నిలబడింది.

"బ్రహ్మాండంగా ఉంది నాన్నా!"

"మరి నా చేతిలో పలకలేదే?"

ఆమె రెండు అంచు కాళ్లనీ వేలితో కలిపి తాకింది. ముల్లు టక్కున పడిపోయింది.

"ఇదిగో, ఇందుకే. గేటులో నిలిచిన చార్జి వేలిలోంచి పోతుంది. తడి వేలైతే ఇక చెప్పక్కర్లేదు."

మరో నాలుగు తీసింది. నాలుగూ బతికే ఉన్నాయి. మేస్త్రికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ తన వేలిని నమ్మాడు, తమ్ముణ్ణి నమ్మలేదు. డబ్బా చంకలో పెట్టుకుని, కూతురు పిలుస్తున్నా వినిపించుకోకుండా వీధిలోకి నడిచాడు.

తమ్ముడి షాపులోనూ జనమే. తమ్ముడి జుట్టు ఎప్పుడు ఇంత నెరిసిందో ఆయనకి తెలియదు. లోపలికి వస్తున్న అన్నని చూసి, తమ్ముడు చేతిలోని సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి లేచాడు.

"నలుగురి ముందే అన్నాను కాబట్టి నలుగురి ముందే చెబుతున్నా" అన్నాడు మేస్త్రి, డబ్బా బల్ల మీద పెడుతూ. "సరుకు మంచిదేరా. తప్పు నా వేలిది."

"తెలుసన్నయ్యా."

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. నువ్వు వేళ్లు తడుపుకున్నప్పుడే."

"మరి అప్పుడే చెప్పి చావొచ్చుగా, వెధవా!"

తమ్ముడు తల దించుకున్నాడు. "నాకు మీటర్ పట్టుకోవడం నేర్పిందే నువ్వు. అంతమందిలో నీకు తెలీదని నేనెలా అనను? కోపం తగ్గాక నువ్వే పిలిచి అడుగుతావనుకున్నా. అడిగితే చెబుదామని నెల రోజులు ఇంట్లోనే కూర్చున్నాను. ఆ తర్వాతే ఈ షాపు పెట్టాను."

మేస్త్రి కస్టమర్ల బెంచీ మీద కూలబడి, అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.