పాటి మీద పిలుపు

గోనెగండ్ల దిక్కు మనుషులకు పాటి అంటే విడమరచి చెప్పనక్కరలేదు. ఎప్పుడో పాడుపడిన ఊరు మట్టిదిబ్బై మిగిలితే అదే పాటి. ఎండాకాలం బండ్లు కట్టుకుపోయి ఆ బూడిదరంగు మన్ను తవ్వి చేలకు తోలుకుంటారు. అయితే పాటి మీద ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిచినా పలకరు. తన పేరు విని 'ఓ' అన్నాడా, ఆ చచ్చిన ఊరు వాడిని తన మనిషిగా కలిపేసుకుంటుంది. పొలిమేర దాటాకే ఎవరి పేరైనా నోట్లోకి రావాలి. హుసేనప్ప చిన్నాన్న కొడుకు మద్దయ్య ఏదో పరధ్యానంలో పలికాడు. ఆ ఏడే కలరా గత్తర తగిలి పోయాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన హుసేనప్ప పట్టాళంలో లారీ డ్రైవరయ్యాడు. యాభై ఏడులో, ఈజిప్టులో యుద్ధం ఆగాక కాపలాకని పోయిన మన సైన్యంతో సముద్రం దాటి అక్కడికి చేరాడు. తోడు ఆదోని జిలాని బాషా. పత్తి ప్రెస్సులో బేళ్లు కట్టినవాడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం ఊరంత. ఆదోని స్టేషనులో రైలు కదిలే ముందు వాడి తల్లి మహబూబ్ బీ హుసేనప్ప రెండు చేతులూ పట్టుకుంది. "నాకు ఈడొక్కడే నాయనా. నీ సేతుల్లో పెడతాండా. నీ సేతుల్తోనే మళ్లా నాకు ఒప్పజెప్పల్ల," అంది. ఆ రోజు మొదలు ఆ మాట హుసేనప్పకు నెత్తిమీద నిండు బిందె అయింది. తొణక్కుండా మోస్తూ తిరుగుతున్నాడు.

ఒక సెలవునాడు జవాన్లను లారీకెత్తి, కైరో అవతల మెంఫిస్ అనే పాత రాజధాని చూపించడానికి తీసుకుపోయారు. వేల ఏళ్ల కిందట రాజులేలిన పట్నమట. హుసేనప్ప ఖర్జూరపు చెట్ల కింద దిగి చూశాడు. కోట లేదు, కొమ్ము లేదు. బూడిదరంగు దిబ్బలు, కుండ పెంకులు, నీళ్లు ఊరిన గుంటలు. వెల్లకిలా పడి ఉన్న రాతిరాజు ఒకడు, వాడి పిడికిలి ఎద్దు తలకాయంత. అవతల ఆ ఊరి రైతులు దిబ్బ తవ్వి గాడిదల మీద మన్ను తోలుకుంటున్నారు. హుసేనప్పకు తెలిసిపోయింది. ఇది పాటి.

"జిలా" దాకా వచ్చిన నాలుకను కరుచుకున్నాడు. "ఇదో సాయిబూ, నా పక్కనే ఉండు. యాడికీ పోగాకు."

"ఏమప్పా, రాజుగారు లేసి తరుముకుంటాడా?"

సంగతి చెబుదామనుకున్నాడు. చెబితే లారీ అంతా చాటింపు వేస్తాడు, అందరూ కలిసి కావాలనే పేర్లు అరుస్తారు. ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే తప్పయింది. అందరూ రాతిరాజు చుట్టూ మూగినప్పుడు తల తిప్పి చూస్తే జిలాని లేడు.

హవల్దారు ఈల వేశాడు. అందరూ ఎక్కారు. హుసేనప్ప ఎమ్మిగనూరు జాతరలో దూడ తప్పిపోయినవాడిలా గుంట గుంటా వెతుకుతున్నాడు. "ఓ సాయిబూ" అంటే గాడిద తోలుతున్న ముసలాయన నిలబడి సలాము చేశాడు. ఎద్దులను అదిలించినట్టు నాలుక చప్పరించాడు, ఈల వేశాడు. దిబ్బలు ఉలకలేదు. గుంటల్లో నీళ్లు నల్లగా ఉన్నాయి. జిలానికి ఈత రాదు.

"నోరు పడిపోయిందా? పేరు పెట్టి అరువు," అన్నాడు హవల్దారు హిందీలో. లారీలోంచి ఒకడు అరవబోతే హుసేనప్ప ఉరికివచ్చి వాడి నోరు మూశాడు. హవల్దారుకు తిక్క రేగింది. "ఇంకాసేపు చూస్తా. తర్వాత లారీ కదులుతుంది. వాడు పారిపోయాడనే రాస్తా."

మహబూబ్ బీ చేతుల తడి ఇంకా తన చేతులకు ఉన్నట్టే అనిపించింది. హుసేనప్ప దిబ్బ ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు. ఇక్కడ ఒక పేరు పడాల్సిందే అయితే అది వాడిది కాకూడదు.

"హుసేనప్పా," అని గొంతు చించుకుని అరిచాడు. "ఓ హుసేనప్పా."

అవతలి పల్లంలోంచి జవాబు వచ్చింది. "ఈడుండా, ఈడుండా. కాలు ఇరుక్కపోయింది. హుసేనప్పా, నువ్వు యాడుండావు?"

'ఓ' అనబోయిన నోటిని చేత్తో మూసుకుని గొంతు వచ్చిన దిక్కుకు పరుగెత్తాడు.

"హుసేనప్పా, ఇనపడ్ల్యా? హుసేనప్పా, పలుకప్పా." పిలుపు పిలుపుకీ జిలాని గొంతులో ఏడుపు పెరుగుతోంది. హుసేనప్ప పెదవులు పళ్ల కింద నలుగుతున్నాయి.

జిలాని తొడల దాకా బురదలో ఉన్నాడు. హుసేనప్ప ఖర్జూరపు మట్ట అందించి లాగాడు. జిలాని మడమ బెణికింది. వీపుకెత్తుకున్నాడు.

"నీ పేరు నువ్వే అరుసుకుంటివి, నేను పిలిస్తే పలకవు. ఎండదెబ్బ గానీ తగిలిందా ఏంది?"

హుసేనప్ప వాడిని లారీ ఎక్కించాడు. లారీ కదిలింది. కాలువ వంతెన దాటారు. ఇదేనా పొలిమేర? వెంట వచ్చిన దుబాసీని, "ఆ పాత పట్నం అంచు యాడికుంది సామీ?" అని వచ్చీరాని హిందీలో అడిగాడు.

దుబాసీ నవ్వాడు. "ఎవరికి తెలుసు? ఇంకా తవ్వుతూనే ఉన్నారు. మహాపట్నం అది."

హుసేనప్ప లారీలోంచి బయటికి చూశాడు. పొద్దు వాలుతోంది. రోడ్డు వెంట ఇళ్లు, గోధుమ చేలు, మళ్లీ ఇళ్లు. ఏ చేను కింద ఆ ఊరు ఉందో, ఏ ఇంటి దాకా వచ్చిందో. జిలాని ఎగతాళి ఎప్పుడో ఆగిపోయింది. హుసేనప్ప మొహం చూసి వాడికే భయం పట్టుకుంది.

"హుసేనప్పా," అన్నాడు మెల్లగా. "నీకేమన్నా అయితే మా అమ్మకు నేనేమని సెప్పల్ల? ఒక్కసారి ఊఁ అనప్పా."

హుసేనప్ప వాడి చెయ్యి తీసుకుని గట్టిగా నొక్కాడు. నొక్కాక అనుమానం వచ్చింది. నోరు తెరవలేదు, నిజమే. చేత్తో పలికినా పలికినట్టేనా?

ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.