చెప్పకూడని ఫలహారం

"వైజూ, ఇంకో నాలుగు టీలు!"

హాల్లోంచి వచ్చిన కేకకి వైజయంతి మళ్ళీ స్టవ్ మీద గిన్నె పెట్టింది. ఆదివారం వచ్చిందంటే చాలు, పుణె కోత్రూడ్‌లోని ఆ ఫ్లాటు జనంతో నిండిపోతుంది. బ్యాంకులో రిటైరైన దగ్గర్నుంచీ ఆమె భర్త హేమంత్ 'మన మూలాలు' అని ఒక సత్సంగం నడుపుతున్నాడు. పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియనివాళ్ళూ, ఫోను తప్ప తోడు లేనివాళ్ళూ వస్తారు. కాసేపు ధ్యానం, తరువాత ఆయన ఉపన్యాసం. "మన పెద్దలకి ఒంటరితనమన్న జబ్బే లేదండీ. కలిసి కూర్చున్నారు, కలిసి తిన్నారు. అదే మందు." అల్లం దంచుతూ వైజయంతి ఈ మాట ప్రతివారం వింటుంది. అది అబద్ధమని ఆమె అనుకోదు, పుట్టింట్లో కళ్ళారా చూసింది. కాకపోతే ఆ మందు గోడకి అవతలివాళ్ళకే పంచుతున్నారు, అదీ ఆమె బాధ.

వచ్చినవాళ్ళంతా ఆమెని వహినీ అంటారు, వదిన అని. పేరడిగినవాళ్ళు లేరు. "వహినీ, అటుకులు అద్భుతం." "వహినీ, పంచదార లేనిది ఒకటి." ఒకసారి తనూ వచ్చి చాప మీద కూర్చుంటే హేమంత్ కళ్ళతోనే వంటింటి వైపు చూపించాడు. అందరూ వెళ్ళాక నవ్వుతూ అన్నాడు: "నీకెందుకే ధ్యానం? వంటింట్లో నువ్వు చేసేదే పెద్ద యోగం." అబ్బ, ఏం మాట! సన్మానం చేసినట్టే చేసి తలుపేసేశాడు.

నవరాత్రులు వచ్చాయి. ఈసారి మన ఇంట్లో భోండ్లా పెడదామన్నాడు హేమంత్. వైజయంతి నమ్మలేకపోయింది. పీట మీద ఏనుగు బొమ్మ గీసి, చుట్టూ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని, అత్తింటివాళ్ళని వెక్కిరించే పాటలు పాడుతూ తిరగడం ఆమె పెళ్ళయ్యాక మళ్ళీ ఎరగదు. పాటలయ్యాక మూత పెట్టిన డబ్బాలో ఖిరాపత్ తెస్తారు. ఆ ఫలహారమేమిటో ఇంటావిడ ముందు చెప్పకూడదు. వచ్చినవాళ్ళు అడిగి అడిగి కనుక్కోవాలి. తీపా, కారమా, వేయించిందా, ఉడికించిందా? వైజయంతి వాళ్ళమ్మని ఏడాది పొడవునా "అయిందా, పెట్టావా" అన్నవాళ్ళే తప్ప మరో మాట అడిగినవాళ్ళు లేరు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం వీధిలోని ఆడవాళ్ళందరూ అమ్మ చుట్టూ చేరి బతిమాలేవాళ్ళు. అమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మొహం వెలిగిపోతూ, కాదు కాదని తల ఊపేది. తననీ అలా అడుగుతారు కదా అనుకుని వైజయంతి రెండు రోజులు కూనిరాగం తీస్తూ తిరిగింది.

మూడోరోజు హేమంత్ సత్సంగం వాళ్ళందరికీ ఫోనులో ఆహ్వానం పంపాడు. చివరి వాక్యం: 'ఖిరాపత్: వహినీ చేతి కొబ్బరి బర్ఫీ.'

"ఇదేంటండీ, చెప్పేశారు?"

"చెప్తే ఏమైందే? షుగరున్నవాళ్ళు మాత్ర వేసుకుని వస్తారు."

"కనుక్కోవడమే కదండీ ఆట!"

"భోండ్లాలో అసలు విషయం వలయంలోని శక్తి. నేను వివరిస్తాలే. నువ్వు కొబ్బరి తురుముకో."

పుణెలో పుట్టి, భోండ్లాలు చూస్తూ పెరిగిన మనిషి చెయ్యాల్సిన పనేనా ఇది! వైజయంతికి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది. సరే, బర్ఫీ చెయ్యను, నాకిష్టమైనదే చేస్తాను అనుకుని పొయ్యి ముందు నిలబడింది. ఏమిటి తనకిష్టం? బర్ఫీ హేమంత్‌ది. చకిలాలు కూతురివి. సేమ్యా పాయసం పోయిన అత్తగారిది. ఎంత ఆలోచించినా తనదంటూ ఒక్కటీ తోచలేదు, భయమేసింది. తీరా తట్టింది: రాత్రి మిగిలిన చపాతీలు నలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పెట్టే పోపు. అందరి భోజనాలూ అయ్యాక తను వంటగట్టు దగ్గర నిలబడి తినేది. "అదేం తిండే, ఎవరైనా చూస్తే నవ్విపోతారు," అనేది అత్తగారు, తనూ ఒక గుప్పెడు తీసుకుంటూనే. వైజయంతి శనివారం బోలెడు చపాతీలు చేసి, మెత్తబడకుండా గాలికి ఆరబెట్టింది. వాటిని పనిగట్టుకుని నిలవ చెయ్యడం తలుచుకుంటే నవ్వొచ్చింది.

ఆదివారం హేమంత్ వలయం గురించి చెప్పినంతసేపూ చెప్పాడు. తరువాత ఆడవాళ్ళు నాలుగు పాటలు పాడారు, మగవాళ్ళు గోడకి ఆనుకుని ఫోటోలు తీశారు. "ఇక వహినీ బర్ఫీ," అన్నాడు హేమంత్.

వైజయంతి డబ్బా తెచ్చి ఏనుగు బొమ్మ పక్కనే కూర్చుంది. మూత మీద చెయ్యి వేసుకుని, "బర్ఫీ కాదు. ఏమిటో చెప్పండి," అంది.

ఇక మొదలైంది చూడండి గోల! తీపా? కాదు. వేయించిందా? అలాంటిదే. డబ్బా ఊపు, ఊపు! పప్పుదా? కాదు. "వైజూ, చెప్పెయ్యవే, ఆలస్యమవుతోంది," అన్నాడు హేమంత్. "మీరూరుకోండి భావూజీ, మేం ఓడిపోలేదింకా!" అని ఒకావిడ కసిరింది.

కింది ఫ్లాటు కుముద్ ఆజీ ముసలావిడ. ఆవిడ ముందుకి వంగింది. "వైజయంతీ, ఇది నువ్వు కూర్చుని ఎప్పుడైనా తిన్నావుటే?"

"లేదు, ఆజీ."

"అయితే చపాతీ పోపు."

వైజయంతి మూత తీసింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కుమన్నారు. "మా ఇంట్లోనూ అంతే, ఫ్రిజ్ చాటున!" అంది ఒకావిడ. "నేను గిన్నెలోనే తినేస్తాను, ప్లేటు కడగాలని," అంది ఇంకొకావిడ. అందరూ అక్కడే కూర్చుని చేతుల్లో పెట్టుకుని తింటున్నారు.

హేమంత్ మొహం కందిపోయింది. వంగి ఆమె చెవిలో, "నిన్నటి చపాతీలా? పరువు తీశావు కదే. సర్లే, లేచి టీ అయినా పెట్టు," అన్నాడు.

"నేను తింటున్నాను," అంది వైజయంతి. అందరికీ వినబడేలాగే అంది. "వచ్చే ఆదివారం కూడా ఇక్కడే కూర్చుంటాను."

హేమంత్ చేసేది లేక వంటింట్లోకి వెళ్ళాడు. డబ్బాల మూతలు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. చివరికి గుమ్మంలోకి వచ్చాడు.

"వైజూ, మనింట్లో టీ పొడి ఎక్కడుంటుంది?"