బావి నీళ్ళు వెచ్చబడితే

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తే నయం. తన మతిమరుపు వల్ల ఏదో ఒకరోజు ఇల్లు తగలబడుతుందని, ఆ సమయానికి మూడేళ్ళ కూతురు గువ్వ లోపలే ఉంటుందని. దొంగలంటే భయం లేదు. జబ్బులంటే అంత లేదు. మొగుడు కోప్పడతాడన్న భయం కూడా ఈ మధ్య వాడి వాడి పలచబడిపోయింది. ఈ ఒక్కటి మాత్రం రోజూ పొద్దున తాళం చెవులతో పాటు సంచిలో వేసుకుని బయల్దేరుతుంది.

మొదటిసారి వర్షాలు తగ్గిన వారంలో జరిగింది. రెండింటికి లైబ్రరీ నుంచి వచ్చేసరికి అత్త గువ్వని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "వచ్చావా తల్లీ? పాలు కాచి స్టవ్ అలాగే వదిలేసి పోయావు. పొద్దున్నుంచీ వెలుగుతూనే ఉంది. నేను చూశాను గనక సరిపోయింది." ఆమెకి కట్టేసినట్టే గుర్తు. కానీ గుర్తుంది అనుకోవడమే మతిమరుపు లక్షణం కదా అని తనని తనే గద్దించుకుంది. రెండో వారం మళ్ళీ. ఆ తర్వాత మళ్ళీ. మూడోసారి భర్త అన్నం ముందు కూర్చుని నవ్వుతూ అన్నాడు, "పుస్తకాలకి అట్టలేసే ఉద్యోగం కోసం పిల్లని బూడిద చేసేలా ఉన్నావే. పది కూడా పాసవ్వనిదానివి, నువ్వు వెళ్ళకపోతే ఆ లైబ్రరీకి తాళం పడుతుందా?" తిట్టి ఉంటే ఎదురు చెప్పేదేమో. నవ్వాడు గనక ఆమె కూడా నవ్వింది, పెరుగు వడ్డించింది, ఎంగిలి కంచాలు తీసింది. ఈ నెలాఖరుకి మానేయమని అతను అనలేదు. "నీకే తెలియాలి" అన్నాడు. అది మరీ బరువైన మాట.

పదో తరగతి సగంలో ఆమె చదువు ఆగిపోయింది. అమ్మకి ఆఖరి కాన్పు కష్టమై, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఒకరు కావలసొచ్చి, ఆ ఒకరు ఈమే అయింది. తర్వాత పెళ్ళి, తర్వాత గువ్వ. ఎనిమిది నెలల కిందట లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే పని దొరికినప్పుడు, పుస్తకాల దగ్గరికి తిరిగి వెళ్తున్నాను, దొడ్డిదారినైతేనేం అనుకుంది. అక్కడ ఆమె పేరు జిగురమ్మ. పుస్తకాలిచ్చే కిటికీ దగ్గర గుమాస్తా పెట్టిన పేరు. "ఏం జిగురమ్మా, అంటిస్తున్నావా, చదివేస్తున్నావా?" అని రోజుకి రెండుసార్లు అడుగుతాడు. రెండూ చేస్తుంది. మైదా జిగురు రాసిన పుస్తకం వెన్ను ఆరడానికి సమయం పడుతుంది. ఆరేదాకా ఇంకో పుస్తకం విప్పి ఉంటుంది. విప్పి ఉన్నదాన్ని చదవకుండా ఎలా ఉంటారు?

ఆ నెల బల్ల మీదికి వచ్చినవన్నీ నిప్పుకొండల పుస్తకాలే. బడిపిల్లలు ఎగబడి లాక్కునేవి అవే గనక ముందు వెన్ను విరిగేవీ అవే. "కొండలూ మంటలూ అన్నీ నీ పాలిట పడ్డాయి" అంటూ లైబ్రేరియన్ మేడమ్ తొమ్మిదింటిని తెచ్చి పెట్టింది. మొదట ఆమె వాటిని చూడలేకపోయింది. ఎర్రగా కారుతున్న రాతిద్రవం బొమ్మ కనిపిస్తే చాలు, కంటి ముందు ఇంట్లో స్టవ్ మెదిలేది. పేజీలు బోర్లా తిప్పి అంటించేది. కానీ ఒకరోజు కొండల్ని కనిపెట్టుకుని ఉండే మనుషుల గురించి ఒక పేజీ తగిలింది. వాళ్ళు కొండ పక్కనే చిన్న గదిలో కాపురముంటారట. కొండ ఒక్కసారిగా పేలదట. ముందు చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు వెచ్చబడొచ్చు, నేల వేలెడంత ఉబ్బొచ్చు, కాళ్ళకి కూడా తెలియని వణుకులు వస్తుండొచ్చు. వాళ్ళు ఎవరి మాటా నమ్మరు. ఊరి పెద్ద ఏమీ కాదన్నా నమ్మరు, జోస్యుడు రేపే అన్నా నమ్మరు. నీళ్ళలో వేడి కొలిచే గొట్టం ముంచి, గంట, నిమిషం రాసుకుంటారు. ఆ పక్కనే ఇంకొకటి, కథల పుస్తకం. కొండ కింది ఊళ్ళో ఒక పిల్ల బావి నీళ్ళు వెచ్చగా ఉన్నాయని పరిగెత్తుకొచ్చి చెబితే ఊరంతా నవ్వుతుంది. చివరికి నమ్మారో లేదో తెలియదు. ఆఖరి పేజీ ఎవరో చించుకుపోయారు.

ఆమె ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత అట్టలు కత్తిరించగా మిగిలిన తెల్ల కాగితాలు కుట్టి అరచేయంత పుస్తకం చేసుకుంది.

స్టవ్ కట్టేసిన నిమిషం, గిన్నెలో ఏముంది, బర్నర్ మీద చెయ్యి పెడితే ఎలా ఉంది, ఎవరెవరు ఇంట్లో ఉన్నారు. పదిరోజులు రాసింది. పదకొండో రోజు అత్త మళ్ళీ గుమ్మంలోనే ఎదురైంది. "మళ్ళీ వదిలేసి పోయావు తల్లీ. పొద్దున్నుంచీ వెలుగుతూనే ఉంది, ఇప్పుడే కట్టేశాను." ఆమె చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి గిన్నె మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. పాలు మీగడ కట్టి చక్కగా ఉన్నాయి. అయిదు గంటలు మంట మీద ఉన్న పాలు పాలుగా ఉంటాయా? గిన్నె అడుగంటి, మాడి, నల్లబడి, ఇల్లంతా కంపు కొట్టదూ?

తప్పు తనది కాదు! మొదటి క్షణం తేలికపడింది. రెండో క్షణం ఒళ్ళు మండిపోయింది. అంటే ఈవిడే వెలిగించి నా మీద తోస్తోందన్నమాట. ఎందుకు? కొడుక్కి నేను చేదవ్వాలనా? నేను జీతం తేవడం కంట్లో నలుసా? నన్ను ఇంట్లో కూలేస్తే తప్ప నిద్రపట్టదా? ఆ సాయంత్రమంతా అత్త చేతుల్ని దొంగచూపులు చూస్తూనే ఉంది. ఆ చేతులు గువ్వకి జడలల్లుతున్నాయి. తర్వాత చూపు భర్త మీదికి మళ్ళింది. ఇద్దరూ కలిసే చేస్తున్నారా? మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. వీధి వీధీ తిరుగుతాడు. నడిమధ్యాహ్నం ఎక్కడ ఉన్నాడో ఎవరికి తెలుసు?

మర్నాడు మేడమ్‌ని రెండు గంటలు ముందుగా పంపమని బతిమాలింది. ఇంటికి వచ్చి తలుపు తట్టలేదు. వెనక సందులోకి వెళ్ళి, తన వంటింటి కిటికీ దగ్గర తనే దొంగలా నక్కింది.

అత్త పాలగిన్నె పెట్టింది. వెలిగించింది. మంట వంక కాసేపు చూసింది, ఎవరినో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు. తర్వాత చేతులు తుడుచుకుని అవతలి గదిలోకి వెళ్ళి ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. గువ్వ నేల మీద గరిటెతో ఆడుకుంటోంది, స్టవ్‌కి నాలుగడుగుల దూరంలో. ఆమె కిటికీ ఊచలకి ముఖం ఆనించింది. కేకేద్దామా? ఇంకొక్క నిమిషం. పాలు పైకి లేస్తుండగా అత్త ఏదో వెతుక్కుంటూ వచ్చింది, మంట చూసింది, అదిరిపడింది. చటుక్కున కట్టేసి గువ్వని ఎత్తుకుని గుండెకి అదుముకుంది. "అయ్యో అయ్యో, మళ్ళీ వదిలేసి పోయింది! పిచ్చిపిల్ల, ఏం చేసేది దీన్ని!"

వినడానికి అక్కడ ఎవరూ లేరు. మూడేళ్ళ పిల్ల తప్ప. ఎవరూ లేనిచోట అబద్ధం ఆడాల్సిన పని ఎవరికీ ఉండదు. ఆవిడ ఆ మాట నమ్మే అంటోంది.

ఆమె ముందువైపు నుంచి ఇంట్లోకి వచ్చి, గువ్వని అందుకుని, అత్త పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక అడిగింది, "అత్తయ్యా, మీరెప్పుడైనా ఏమైనా మరిచిపోతారా?"

అత్త ముఖం బిగుసుకుంది. "నేనా? నాకు మతిమరుపా? మీ మామయ్య నలభై ఏళ్ళు అదే మాట అన్నాడు. మతిలేనిదానా, మతిలేనిదానా అని. ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టుకున్నాడో వెతికి ఇచ్చేదాన్ని నేనే. ఆయన మందులు వేళకి ఇచ్చేదాన్నీ నేనే. ఒక్కటి, ఒక్కటి మరిచిపోయానా చెప్పు?" మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఇప్పుడు నువ్వు కూడా అనకే తల్లీ."

అన్నీ గుర్తున్న కాలంలో మతిలేనిదనిపించుకున్న మనిషి, నిజంగా మతి తప్పుతున్నప్పుడు ఆ మాట నోటితో ఎలా ఒప్పుకుంటుంది? ఆమె చొక్కా అందుకుని తను మడతపెట్టింది.

సాయంత్రం భర్త వచ్చాక అరచేతి పుస్తకం అతని ముందు పెట్టింది. చదువుతున్నంతసేపూ ముఖం కనిపెట్టి చూసింది. కొండల దగ్గర కాపురముండేవాళ్ళు చూసినట్టే. "అమ్మ మీద నిందా?" అంటాడనుకుంది. "నీకు పిచ్చా?" అంటాడనుకుంది. అవి రెండూ అనలేదు. పుస్తకం మూసి, వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మతో అనలేదు కదా?"

ఆమెకి నేల వేలెడంత ఉబ్బినట్టయింది. "మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏంటి తెలిసేది?"

"ఎప్పట్నుంచి?"

"వర్షాలకి ముందే," అన్నాడు. "నేనే రెండుసార్లు కట్టేశాను. చూడు, డాక్టరంటే అమ్మ బెంగపెట్టుకుంటుంది. చూసుకోవడానికి మనిషిని పెడితే నలుగురూ నానా మాటలంటారు. నువ్వు ఎలాగూ... నీ అంతట నువ్వే ఉద్యోగం మానేస్తే గొడవలేకుండా సర్దుకుంటుందనుకున్నా. ఇందులో తప్పేముంది? ఇంటి కోసమేగా?"

"నేనే చేస్తున్నానని నాతో నమ్మించారు."

"నమ్మించడమేంటి, నువ్వే నమ్మావు."

"సరే, నేను నమ్మాను. గువ్వ ఏం చేసింది?" అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పింది. పెళ్ళయ్యాక మొదటిసారి 'మీరు' వదిలేసింది. "తెలిసి కూడా రోజూ పొద్దున పిల్లని ఆ మంట దగ్గర వదిలేసి నీ దారిన నువ్వు పోయావు. నేను మతిమరుపుదాన్ని కాదు. నీకు మతి బాగానే ఉంది. అదే నాకు భయంగా ఉంది."

ఆదివారం గడిచాక, సోమవారం పొద్దున పాలు కాచాక స్టవ్ నాబులు రెండూ లాగేసి అతని చేతిలో పెట్టింది. "ఇవి నీ జేబులో ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి, నాబులు పెట్టి, కూర వెచ్చజేసి, మీ అమ్మకి పెట్టి, నువ్వూ తిని వెళ్ళు. వచ్చే ఆదివారం డాక్టరు దగ్గరికి అందరం వెళ్తున్నాం. గువ్వ నాతో వస్తుంది." లైటర్ కూడా అతనికే ఇచ్చి, అగ్గిపెట్టెలు తన సంచిలో వేసుకుంది. లైబ్రరీలో గువ్వని చూసి గుమాస్తా "చిన్న జిగురమ్మ కూడానా!" అన్నాడు. గువ్వ అతనికి నాలుక చాపింది. ఆమెకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

మూడు రోజులు అతను వచ్చానన్నాడు. "వచ్చాడు, ఇద్దరం తిన్నాం" అని అత్త కూడా అంది. కానీ అత్తకి గుర్తుండదు, అతనికి నిజం చెప్పే అలవాటు లేదు. ఎవరి మాట నమ్మాలి? నాలుగో రోజు పొద్దున నాబులు ఇచ్చేముందు, వాటి అడుగున ఉన్న బెజ్జాలకి పల్చటి కాగితం అంటించింది, చిరిగిన పేజీలకి వేస్తుందే, అదే కాగితం. నాబు స్టవ్‌కి తొడిగితే చిరగక తప్పదు. చూస్తే కనిపిస్తుంది కూడా. చూస్తే కదా. సాయంత్రం అతను జేబులోంచి నాబులు తీసి బల్ల మీద పెడుతూ "ఇవాళ కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు.

రెండు కాగితాలూ చెక్కుచెదరలేదు.

ఆమె కాగితాలు చింపి, నాబులు తొడగబోయి ఆగింది. స్టవ్ మూల పట్టకారు పడి ఉంది. నాబులు తొడిగే కడ్డీల మీద దాని పళ్ళ గీతలు ఉన్నాయి, అత్తయ్య దాంతోనే తిప్పి వెలిగించినట్టుంది. ఎక్కడ దొరికిందో, పక్కనే సగం కాలిన అగ్గిపుల్ల ఒకటి. పట్టకారు కూడా సంచిలోకి వెళ్ళింది. వచ్చే సోమవారం నుంచి అత్తయ్యని కూడా లైబ్రరీకి తీసుకువెళ్తుంది. పేజీలు మడతలు విప్పి సాపు చేసే పని ఆ చేతులకి ఇట్టే వస్తుంది. మేడమ్ కాదనదు, కానీ సెలవులో ఉంది, సోమవారానికి గానీ రాదు. అందాకా గువ్వని రానివ్వడమే ఎక్కువంటున్నాడు గుమాస్తా. తను సెలవు పెడదామంటే ముందుగా వెళ్ళిపోయిన ఆ రెండు గంటలకే పై ఆఫీసువాళ్ళు సంజాయిషీ రాయించుకున్నారు. ఎదురింటివాళ్ళు ఎనిమిదింటికే తాళం వేసుకుని పనికి పోతారు.

నడుమ శుక్రవారం, శనివారం ఉన్నాయి.

మీలో ఎవరైనా ఆ రెండు రోజులూ మధ్యాహ్నం ఆ వీధిన వెళ్తే, మీటర్లు చూసే అతని ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు, ఒక్కసారి తలుపు తట్టండి. మంచినీళ్ళడిగే వంకతో వంటింటిదాకా వెళ్ళి స్టవ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే కట్టేసి, పెద్దావిడ పక్కన కాసేపు కూర్చోండి. అన్నం తిన్నదో లేదో కనుక్కోండి. ఎవరు వెలిగించారని మాత్రం అడగకండి.