ఒక్కొక్క మోల్

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ గదిలో తెర లాగడం, ఆక్సిజన్ సిలిండరు ముల్లు చూడడం, వంటింట్లో ఏ డబ్బా నిండుకుందో చూసి బోర్డు మీద రాయడం ఆ ఇంట్లో రోజూ జరిగేదే. అమ్మమ్మ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. కొత్త బోర్డులు వచ్చినప్పుడు స్కూలువాళ్లు పాత నల్లబోర్డుని ఆవిడకే ఇచ్చేశారు. (నల్లబోర్డులు ఒకప్పుడు నిజంగానే నల్లగా ఉండేవి. తర్వాత ఆకుపచ్చవి వచ్చినా వాటినీ నల్లబోర్డులనే అన్నారు. సరే, అదిప్పుడెందుకు.)

అమ్మమ్మ మంచానికి ఎదురుగా గోడకి ఆనించిన ఆ బోర్డు మీద డబ్బా పేరు, సరుకు పేరు రాసి, ఎన్ని అణువులో అంకె వేస్తే డబ్బాలో అన్నీ ఉండేవి. చెరిపితే డబ్బాలో మిగిలినవీ పోయేవి. బోర్డుకి గ్రాములు తెలియవు, మోల్స్ తెలియవు. సున్నాలన్నీ విడివిడిగా వేయాల్సిందే. ఒకసారి మామయ్య పంచదారకి రెండు సున్నాలు ఎక్కువ వేశాడు. డబ్బా పగిలి, అలమర కూలింది. అప్పట్నుంచీ సుద్దముక్క అమ్మమ్మ దిండు కిందే ఉంటోంది.

ఆ రోజు సిలిండరు ముల్లు ఎర్రగీత మీదికి దిగిపోయింది. కొత్త సిలిండరు తెచ్చే బండి వంతెన అవతల ఇరుక్కుంది.

"ఇంకో గంట పడుతుందిట," అన్నాడు మామయ్య ఫోను దించి.

అమ్మమ్మకి లేచి కూర్చునే ఓపిక కూడా లేదు. అమ్మ ఆవిడ దిండు కింద చెయ్యి పెట్టి సుద్దముక్క తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే రాయవే. నాకు రాదు. మీ మామయ్యకి అసలే వద్దు."

మాస్కు కింద అమ్మమ్మ పెదాలు కదిలాయి. "పది మోల్స్."

పదిని, ఒక మోల్‌లో ఎన్ని అణువులుంటాయో ఆ పెద్ద సంఖ్యతో గుణించాలా, భాగించాలా? పోయిన పరీక్షలో ఈ లెక్కకే భాగించి వచ్చింది ఆ పిల్ల. గుణించాలి, సరే. మరి సున్నాలు? ఇరవయ్యొకటా, ఇరవై రెండా? ఒకటి తగ్గితే ఫరవాలేదు. ఒకటి ఎక్కువైతే, అమ్మమ్మ తల పక్కనే ఉన్న ఆ ఇనప సిలిండరు ఏమవుతుంది?

"పేలుతుందంటావా?" మామయ్య గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

"అన్నయ్యా, నువ్వు కాస్త నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటాను. చెవులు కూడా."

"ఒక్క మోలే రాస్తాను," అంది పిల్ల. "అది నిద్రలో లేపి అడిగినా వచ్చు. అయిపోయే ముందు మళ్లీ ఇంకోటి."

"ఎంతసేపొస్తుందే ఒకటి?"

"మోల్‌కి ఇరవై నాలుగు లీటర్లు. నిమిషానికి రెండు చొప్పున పన్నెండు నిమిషాలు."

సిలిండరు, ఆక్సిజన్ అని రాసి అంకె మొదలుపెట్టింది. ఆరు, సున్నా, రెండు, రెండు. ఆపైన ఇరవై సున్నాలు. ముల్లు వెంట్రుకవాసి లేచింది. అమ్మమ్మ గుండెలు పైకి లేచి దిగాయి.

అసలు భయం రెండోసారి పట్టుకుంది. పాత అంకె చెరిపితే గాని బోర్డు కొత్తది వినదు. గుడ్డతో తుడవగానే ముల్లు కింద పడింది, మాస్కులో సవ్వడి ఆగింది. ఆగిన ఊపిరితో అమ్మమ్మ కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. పిల్ల గబగబా రాస్తుంటే సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతోనే రాసింది. ఒక్కో సున్నా కిందా అమ్మ వేలు పెట్టి లెక్కపెడుతోంది. "పదకొండు... పన్నెండు... ఆగు, ఇది పదమూడు..." మామయ్య చెవుల మీంచి చేతులు తీసి, వచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

ఇరవయ్యోది పడ్డాక గాని ఎవరూ గాలి పీల్చలేదు.

వీధిలో బండి హారను మోగేదాకా అలా చెరుపుతూ, రాస్తూనే ఉన్నారు. బండి అతను కొత్త సిలిండరు బిగించి, పాతది ఎత్తి చూశాడు.

"ఇంతసేపూ దీంతోనే లాక్కొచ్చారా? ఇందులో ఏమీ లేదు కదండీ!"

"మంచినీళ్లు తాగుతావా బాబూ?" అంది అమ్మ.

అతను వెళ్లాక అమ్మమ్మ మాస్కు కాస్త పక్కకి జరిపి, బోర్డు వంక చాలాసేపు చూసింది, జవాబు పత్రాల్ని చూసినట్టే.

"సున్నాలు సరిపోయాయి. పక్కన అణువులని రాయలేదేం? అర మార్కు పోతుంది."

అప్పుడు గాని ఆ పిల్లకి ఏడుపు రాలేదు.