కృతజ్ఞతల కింది పేరా

నేను ఒక కత్తెరను. మీరట్‌లో, విరిగిన లారీ కమాను పట్టీ ముక్కలోంచి పుట్టాను. కాకినాడలో ఒక దర్జీ దగ్గర పదేళ్ళు లంగాలూ లాగూలూ కత్తిరించాను. చూపు మందగించి కొట్టు మూసేస్తూ ఆయన నన్ను, తనకు ఉచితంగా మందులిచ్చే డాక్టర్ వేదుల కామేశం గారి చేతిలో పెట్టాడు. గుడ్డలు కోసినన్నాళ్ళూ నా వల్ల ఎవరికీ హాని జరగలేదు. కాయితాలు కొయ్యడం మొదలెట్టాకే పాపం మూటగట్టుకున్నాను.

కామేశం గారు నాడి పట్టడం మానేసి కలం పట్టిన మనిషి. పల్లెల్లో పనిచేసే డాక్టర్ల కోసం మూడు నెలలకోసారి తెలుగులో ‘కోస్తా వైద్యలేఖ’ అనే పత్రిక తెచ్చేవారు. ఎంతటి వాడు రాసినా నాలుగు పేజీలే. ప్రూఫులు రాగానే పడక్కుర్చీలో కూర్చుని నన్ను అందుకునేవారు. “రాసేవాడికి ఏది వదలాలో తెలీదు, కోసేవాడికి తెలుస్తుంది” అని ప్రెస్సు యజమాని పేరయ్యతో గొప్పగా అనేవారు. ఇరవై రెండేళ్ళు ఆ మాట నేనూ నమ్మాను.

ఈ డాక్టర్లకో అలవాటుంది. వ్యాసం చివర సూపరింటెండెంటు మొదలు కాంపౌండరు దాకా అందరికీ దణ్ణాలు పెడతారు. పేజీలు మించితే మొదట తెగేవి ఆ దణ్ణాలే. ‘కృతజ్ఞతలు’ అన్న మాట కనబడితే చాలు, అక్కణ్ణుంచి అడుగు దాకా చదవకుండానే ఆయన నాచేత కోయించేవారు.

ఏజెన్సీలో ఒంటరిగా ఆసుపత్రి నడిపే డాక్టర్ జయశీలమ్మ ఒక వ్యాసం పంపింది. పిల్లల జ్వరానికి చవకైన మందు, అది ఎంత మోతాదులో వెయ్యాలో చెప్పే పట్టిక. బంగారంలాంటి వ్యాసం. పదకొండు లైన్లు మించింది. ఆయన కృతజ్ఞతలు చూశారు, నన్నెత్తారు. కరకరా కోసేశాను.

పత్రిక వెళ్ళిన రెండు నెలలకు ఆమె స్వయంగా బస్సు దిగి వచ్చింది. మంచినీళ్ళిచ్చినా ముట్టుకోలేదు.

“అడుగున రాసిన పేరా ఏదండి?”

“ఏ పేరా అమ్మా?”

“కృతజ్ఞతల కిందదండి. వ్యాసం రాసేశాక మా దగ్గరే ఇద్దరు పిల్లలు పోయారు. తిండి లేక ఎండిపోయిన పిల్లలకి ఈ మోతాదు వెయ్యొద్దు, పావు వంతే వెయ్యండని పోస్టు చేసేముందు అడుగున కలిపానండి.”

ఆయన ముఖం పాలిపోయింది. “దణ్ణాలనుకున్నానమ్మా.”

“పక్క తాలూకాలో మీ పత్రిక చూసి వేశారండి. అయిదుగురు పోయారు.” గుమ్మం వైపు తిరుగుతూ అంది. “మొదటి దణ్ణం మీకే పెట్టానండి.”

అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. వినడానికి నవ్వొస్తుంది, పక్కనుండి చూస్తే ఏడుపొస్తుంది. చందాదారులందరికీ ఆయన కార్డులు రాశారు. సగం, ఇల్లు మారారని తిరిగొచ్చాయి. ఆ పేరాను ఆకుపచ్చ కాయితం మీద అచ్చువేయించి, ఇంట్లో మిగిలిన ఆ పాత సంచికకూ, ఆపైన వచ్చిన ప్రతి సంచికకూ అట్ట లోపల తన చేత్తోనే అంటించారు. పదకొండేళ్ళు అంటించారు. మొదట అందరూ చదివారు. తర్వాత దాన్ని దాటేసి పేజీ తిప్పడం అలవాటు చేసుకున్నారు.

“ఇంకా ఎందుకండి, అందరికీ తెలిసిపోయిందిగా?” అన్నాడు పేరయ్య.

“తెలిసినవాళ్ళు బదిలీ అయిపోతారయ్యా. కొత్తవాళ్ళొస్తారు” అన్నారాయన. నన్ను మాత్రం ఆ తర్వాత ఏ వ్యాసం మీదా పెట్టలేదు.

ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు పత్రికలన్నీ మూటగట్టి ఒక కాలేజీ లైబ్రరీకి ఇచ్చేశారు. మూటతోపాటు నేనూ వెళ్ళాను. అక్కడ బైండింగు చేసే పెద్దాయన మంచివాడు, పనిమంతుడు. ఏ లైబ్రరీలోనైనా ఒకటే పద్ధతి, అట్టలు తీసేసి లోపలి పేజీలే కుట్టాలి. ఆయన వరసగా పట్టుకున్నాడు, నేను వరసగా కోశాను. ఆకుపచ్చ చీటీలన్నీ అట్టలతో సహా గోనెసంచిలోకి వెళ్ళిపోయాయి. కొయ్యనని మొరాయించడానికి నాకు నోరేదీ? పదునుండటమే నా ఖర్మ.

ఇప్పుడా సంపుటానికి ఎర్ర కాలికో గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు. నిన్న మధ్యాహ్నం ఏజెన్సీకి కొత్తగా బదిలీ అయిన డాక్టరమ్మ వచ్చి, జయశీలమ్మ వ్యాసం తీసి శ్రద్ధగా చదివింది. మోతాదుల పట్టిక మొత్తం నోటుబుక్కులో ఎక్కించుకుంది. పుస్తకం తిరిగిస్తూ లైబ్రేరియనుతో, “ఎంత వివరంగా రాశారండీ, ఒక్క మాట కూడా అనవసరంగా లేదు” అంది.