వీపు లేని కోటు

పిడుగురాళ్లలో ముత్తాత పెట్టిన ఫొటో స్టూడియోను దేవిక ఇంకా నడుపుతోంది. పాత ఫొటోలు పెద్దవి చేయడమే ఇప్పుడు ఆమెకు కూడు పెడుతున్న పని. ఆ పొద్దున జానకిరామయ్య వాళ్ల తాత ఫొటో తెచ్చాడు. కొత్త ఇంటి హాల్లో నిలువెత్తున పెట్టాలట. పెద్దాయన నల్లకోటులో దర్జాగా కూర్చుని ఉన్నాడు. అది ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ గుడ్డని జానకిరామయ్య అప్పటికే నాలుగుసార్లు చెప్పాడు.

ఇంతలో సున్నపు బట్టీలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆరోగ్యమ్మ వచ్చి, పెద్దది చేయించాలని, చిరిగిపోతున్న తన తాత ఫొటోను బల్లమీద పెట్టింది. అదే కోటు. రెండో గుండీ లేకపోవడం కూడా అదే.

జానకిరామయ్య మొహం ఎర్రబడింది. "ఏందే ఇది? మా తాత కోటు మీ తాతకెట్టా వచ్చింది? ఎత్తకపోయాడా?"

గుమ్మం దగ్గర జిరాక్సు కోసం నిలబడ్డవాళ్లు తలలు తిప్పారు. ఆరోగ్యమ్మ తన ఫొటోను దగ్గరికి లాక్కుంది. వాళ్లింట్లో తాతది మిగిలిన బొమ్మ అదొక్కటే. ఇక అది దొంగవాడి బొమ్మ అయిపోతుంది.

దేవికకు ఒళ్లు మండింది. నిజం చెబితే పెద్ద బేరం పోతుంది. పోతే పోనీ అనుకుని, లోపలి పెట్టెలోంచి ఆ నల్లకోటే తెచ్చి బల్లమీద పరిచింది. దానికి వీపు లేదు, నాడాలున్నాయి.

"వచ్చినోళ్లందరికీ ఇదే బాబాయ్. లావోళ్లకీ సన్నోళ్లకీ సరిపోవాలని మా ముత్తాత వెనక కోసేశాడు."

జానకిరామయ్య కోటును అటూ ఇటూ తిప్పి వీపు కోసం వెతికాడు. "మరి మా తాత వీపున?"

"చొక్కానే బాబాయ్. చానా గాలాడి ఉంటది."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. జానకిరామయ్య తగ్గలేదు. "అయితే ముందు తొడుక్కుంది మా తాతే."

దేవిక ఫొటోలు తిరగేసి, వెనక ముత్తాత వేసిన వరస నంబర్లు చూపించింది. ఆయనది ఇరవై ఆరో నంబరు, ఆరోగ్యమ్మది మూడు.

"కూలోడికి అంత ముందుగానా?" అన్నాడాయన నమ్మలేక.

"కరెంటు లేని రోజులయ్యా," అంది ఆరోగ్యమ్మ. "ఎండ గోడల మీద పడి మొహానికి తగిలితేనే బొమ్మ వచ్చేదంట. ఈ గదికి మూడు పూతలు సున్నం కొట్టింది మా తాతే. కూలి కింద ఫొటో తీశారు. మీ తాత మొహాన ఉన్న వెలుతురు మా తాత కొట్టిందే."

జానకిరామయ్య రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఆమెది కూడా పెద్దది చెయ్యమ్మాయ్, నేను కట్టిస్తా."

"నాది నేను కట్టించుకుంటాలే అయ్యా. తమరు ముందు ఆ ఎత్తకపోయాడన్న మాట వెనక్కి తీసుకోండి."

ఆయన తీసుకున్నాడు, గుమ్మం దగ్గరున్నవాళ్లకు కూడా వినబడేలా.