మీటరు కింద స్టూలు

ఆదివారం పొద్దున గీజర్ స్విచ్ వేసి, నీళ్లు కాగేలోగా కరెంటు మీటరు చూడటం ఆమె భర్తకు అలవాటు. మీటరు వరండాలో ఎత్తుగా ఉంది. ఆయన స్టూలెక్కుతాడు. ఆమె చేతిలో పని వదిలి వచ్చి స్టూలు పట్టుకుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు.

ఈ ఆదివారం ఆయన పైనుంచే కేకేశాడు.

"చక్రం చూడు, ఎలా గిర్రున తిరుగుతోందో! అంతా నీ పవర్ మిషన్ మహిమే. ఇవాళ్టితో అది బంద్."

ఆమె చూడలేదు. స్టూలు పట్టుకున్నవాళ్లకి మీటరు కనబడదు. వెనక గదిలో కుట్టు మిషన్ సొద మాత్రం వినబడుతోంది. పెడల్ మీంచి కాలు తీసినా దాని మోటారు ఊరుకోదు, స్విచ్ ఆపేదాకా గుర్రుమంటూనే ఉంటుంది. ఆయన దిగి, దాని ప్లగ్ పీకి, స్నానానికి వెళ్లాడు.

సోమవారం పక్కవీధి బడి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. పిల్లల యూనిఫాంలన్నీ ఆమె చేతే కుట్టించాలనుకుంటున్నారట. సాయంత్రంలోగా ఏ మాటా చెప్పకపోతే వేరే వాళ్లకిస్తారట. ఫోన్ పెట్టేశాక ఆమె గిన్నెలు తోమింది, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది. "ఇంట్లో ఊరికే కూర్చునేదానివి, కాస్త కరెంటు చూసుకోలేవా?" అన్నాడాయన ఒకసారి. ఊరికే కూర్చోవడం అంటే ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. కుదరదని చెప్పేద్దామని ఫోన్ తీసింది. మళ్లీ పెట్టేసింది. చెప్పేముందు ఆ చక్రమేదో ఒకసారి కళ్లారా చూడాలనిపించింది.

స్టూలు వేసింది. అత్తగారు కంగారుగా వచ్చింది.

"పడతావే తల్లీ! దేనికిప్పుడు?"

"అత్తయ్యా, ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేశాను. మీరు మిషన్ ఒక్కటి వేయండి. కాలితో తొక్కండి కూడా."

"నాకొచ్చా?"

"తొక్కడమేగా!"

లోపల మిషన్ గుర్రుమంది, తర్వాత దడదడలాడింది. "ఓరి దీని దుంప తెగ, పరిగెడుతోందే!" అని అత్తగారు నవ్వుతోంది. అద్దం వెనక అల్యూమినియం చక్రం కదిలింది. దాని అంచు మీది నల్ల గీత నింపాదిగా వచ్చి, నింపాదిగా వెళ్లింది. ఆమె ఊపిరి బిగబట్టి అది మళ్లీ వచ్చేదాకా చూసింది.

"ఇప్పుడు మిషన్ ఆపి గీజర్ వేయండి!"

అత్తగారు వేసింది. ఎక్కడా చప్పుడు లేదు. చక్రం మాత్రం దయ్యం పట్టినట్టు తిరిగింది. గీత ఎటు పోయిందో, ఎప్పుడొచ్చిందో చూపుకి ఆనలేదు. ఆమెకు నవ్వొచ్చింది. ఆదివారం పొద్దున ఆయన మీటరు చూసే వేళకి గీజర్ ఎప్పుడూ వేసే ఉంటుంది! "ఆపండి! మళ్లీ వేయండి! ఇప్పుడు మిషన్!" అని అరుస్తోంది. అత్తగారు కొంగు దోపుకుని ఆ గదికీ ఈ గదికీ తిరిగింది. చివరికి తనూ స్టూలెక్కి చూసింది.

"నోరు చేసుకుంటోందని ఇన్నాళ్లూ మిషన్ మీద పడ్డాడా నా కొడుకు? కిమ్మనకుండా మింగేది ఇదా!"

ఆమె బడికి ఫోన్ చేసి కుడతానంది.

"మీ ఆయన్ని అడిగారా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"మీటర్ని అడిగానండీ."

సాయంత్రం ఆయన వచ్చేసరికి మిషన్ నడుస్తోంది. గుమ్మంలోనే చెప్పులు విసిరాడు.

"మళ్లీ మొదలెట్టావా? చక్రం చూపిస్తే గానీ బుద్ధి రాదు. స్టూలు పట్రా!"

ఆమె లేచింది. మిషన్ స్విచ్ ఆపలేదు. స్టూలు తెచ్చి మీటరు కింద వేసింది. ఆయన కాలెత్తేలోగా తనే ఎక్కింది. లోపల గీజర్ స్విచ్ దగ్గర అత్తగారు సిద్ధంగా నిలబడింది.

"మీరు పట్టుకోండి" అంది ఆమె.